సూదేసినాక జ్వరమొస్తే ఆ మాట ఎక్కడిదాకా పోవాలి

తిరుపతి, చిత్తూరు పక్క పల్లెల్లో బుధవారం, శనివారం అంటే పిలకాయలకి సూదులేసే రోజులు. సబ్‌సెంటర్లోనో అంగన్‌వాడీలోనో ఏఎన్ఎం కూర్చుంటుంది, ఆశా వర్కర్ ఇంటింటికీ పోయి తల్లుల్ని పిల్చుకొస్తుంది, పొద్దున సూది పడితే సాయంత్రానికి బిడ్డ ఒళ్ళు కాలిపోతా ఉంటుంది, తొడ ఎర్రగా వాచిపోయి ఉంటుంది, రాత్రంతా ఇంట్లో ఎవరికీ నిద్రుండదు. తెల్లారేసరికి ఈ సంగతి పక్కింటోళ్ళకి తెలుస్తుంది, ఊళ్ళో ఉన్న అవ్వకి ఫోన్లో తెలుస్తుంది, వీధి చివర మెడికల్ షాపాయనకి తెలుస్తుంది, వాట్సాప్ గ్రూపులో చుట్టాలందరికీ తెలుస్తుంది. సూదేసిన ఏఎన్ఎంకి, పీహెచ్‌సీ డాక్టర్‌కి మాత్రం ఎవరూ చెప్పరు.

చెప్పకపోవడానికి కారణాలు చాలానే ఉన్నాయి, అన్నీ అర్థమయ్యేవే. సూదేస్తే జ్వరం రాకుండా ఉంటుందా, దీన్ని కూడా చెప్పాలా అనుకునేవాళ్ళు కొందరు. చెప్తే పాపం ఆ నర్సమ్మకి ఏం ముప్పొస్తుందో అని గమ్మున ఉండిపోయేవాళ్ళు కొందరు. ఏం చెప్పినా "అంతా మామూలేలేమ్మా" అంటారు, పోయి ఏం లాభం అనుకునేవాళ్ళు ఇంకొందరు. కోపంతో ఇంక ఆ సెంటర్ గడప తొక్కమని తీర్మానించుకునే ఇళ్ళు కూడా ఉంటాయి, ఈ చివరి రకం గురించే ఎక్కువ ఆలోచించాలి, ఎందుకంటే అక్కడ ఒక రాత్రి జ్వరం వల్ల బిడ్డకి మిగతా డోసులన్నీ ఆగిపోతాయి, కోరింత దగ్గు, కంఠసర్పి లాంటివి ఆ సందులోంచే మళ్ళీ ఊళ్ళోకొస్తాయి.

అసలు జ్వరం ఎందుకొస్తుందో ముందు చూద్దాం. ఆరు, పది, పద్నాలుగు వారాలకి వేసే పెంటావాలెంట్ సూదిలో ఐదు జబ్బులకి మందుంటుంది, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, న్యుమోనియా, మెదడుపొర వాపు తెచ్చే హిబ్. ఇందులో కోరింత దగ్గుకి సంబంధించిన భాగం పూర్తి బ్యాక్టీరియా కణాన్ని చంపి చేసింది, అందుకే దానికి ఒంట్లో స్పందన గట్టిగా ఉంటుంది, జ్వరం, నొప్పి, చిరాకు ఎక్కువ. ఊళ్ళల్లో "తొడ సూది" అని తల్లులు భయపడేది దీనికే. ప్రైవేట్ క్లినిక్కుల్లో "పెయిన్‌లెస్" అని వేల రూపాయలు తీసుకొని వేసేదాంట్లో ఆ కణాన్ని మొత్తంగా వాడరు, కొన్ని ప్రొటీన్లు మాత్రమే వేరుచేసి వాడతారు, కాబట్టి జ్వరం తక్కువే వస్తుంది, నిజమే, కానీ దాని రక్షణ కూడా కొంచెం తొందరగా తగ్గిపోతుంది. డబ్బు పెట్టలేక సర్కారు సూది వేయించినామే అని ఏ తల్లీ బాధపడాల్సిన పనిలేదు.

ఏ సూదికి ఏమొస్తుంది అన్నదానికంటే ఎప్పుడొస్తుంది అన్నది తెలిస్తే ఇంట్లో సగం భయం పోతుంది. పెంటా జ్వరం అదే రోజో మర్నాడో వస్తుంది, రెండు రోజుల్లో దిగిపోతుంది. మూడోరోజు కూడా జ్వరం అట్లే ఉంటే అది సూది జ్వరమేలే అని వదిలేయకూడదు, వానాకాలంలో అయితే డెంగీనో ఇంకోటో కావచ్చు, డాక్టర్‌కి చూపించాల్సిందే. తొమ్మిది నెలలకి వేసే మీజిల్స్ రుబెల్లా సూది దీనికి పూర్తిగా వేరు, దానికి జ్వరం, ఒంటి మీద సన్నటి ఎర్ర పొక్కులు వస్తే వారం పన్నెండు రోజుల మధ్యలో వస్తాయి, అప్పటికి సూదేసిన సంగతే ఇంట్లో మర్చిపోయి ఉంటారు, అమ్మవారు పోసిందేమో అనుకుంటారు. పుట్టగానే ఎడమ భుజానికి వేసే బీసీజీ ఇంకా విచిత్రం, రెండు మూడు వారాల దాకా అక్కడ ఏమీ ఉండదు, తర్వాత చిన్న గుల్ల లేస్తుంది, పగులుతుంది, కొంచెం చీము కారుతుంది, రెండు మూడు నెలలకి మచ్చ పడి మానిపోతుంది. అది అట్లాగే జరగాలి. దానికి పసుపు పెట్టడం, ఆయింట్‌మెంట్ పూయడం, కట్టు కట్టడం ఏదీ వద్దు, ఉత్త నీళ్ళతో కడిగి వదిలేస్తే చాలు. చంకలో బిళ్ళ కట్టి పెద్దదవుతా ఉంటే మాత్రం చూపించాలి.

తొడ మీద వాపుకి తడిగుడ్డ పెట్టొచ్చు. శుభ్రమైన గుడ్డని చల్లనీళ్ళలో ముంచి పిండి పెడితే నొప్పి తగ్గుతుంది. పిసకడం, నూనె పెట్టి రుద్దడం, పసుపూ సున్నం కలిపి పట్టు వేయడం, వేడి ఇసక మూటతో కాపడం పెట్టడం, ఇవన్నీ మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ప్రేమతోనే చేస్తారు, కానీ లేత చర్మం కాలుతుంది, చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. సూది గుచ్చిన చోట చిన్న గడ్డ గట్టిగా కొన్ని వారాలు ఉండిపోవడం మామూలే, అది ఎర్రగా వేడిగా మెత్తగా మారితేనే అనుమానించాలి. జ్వరంలో బిడ్డకి పాలు మామూలుకంటే ఎక్కువసార్లు ఇవ్వాలి, దుప్పట్లు చుట్టకూడదు, తిరుపతి ఎండల్లో అయితే అసలే వద్దు, పల్చటి చొక్కా చాలు.

ఇంక పారాసెటమాల్. ఈ ఒక్క విషయం దగ్గర కొంచెం సేపు ఆగాలి, ఎందుకంటే సూది వల్ల జరిగే నష్టం కంటే సూది తర్వాత ఇంట్లో జరిగే పొరపాటు వల్ల నష్టం జరిగే అవకాశం ఇక్కడే ఉంది. మెడికల్ షాపులో పసిబిడ్డల పారాసెటమాల్ మూడు రకాల బలాల్లో దొరుకుతుంది. డ్రాప్స్ సీసాలో ఒక ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో ఐదు ఎంఎల్‌కి 125 ఉండేది ఒకటి, 250 ఉండేది ఇంకొకటి. అంటే డ్రాప్స్ మందు మామూలు సిరప్ కంటే నాలుగింతలు చిక్కన. పెద్దబిడ్డకి "రెండున్నర ఎంఎల్ పట్టమన్నారు" అని గుర్తుపెట్టుకొని చిన్నబిడ్డకి డ్రాప్స్ సీసాలోంచి రెండున్నర పడితే ఎంత పోతుందో లెక్కేసుకోండి. డోసు బరువుని బట్టి, కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. ఐదు కిలోల బిడ్డకి 50 నుంచి 75, అంటే డ్రాప్స్ అయితే అర నుంచి ముప్పావు ఎంఎల్, 125 సిరప్ అయితే రెండు నుంచి మూడు ఎంఎల్. ఒక డోసుకి ఇంకో డోసుకి మధ్య కనీసం ఆరు గంటలన్నా ఉంటే మంచిది, రోజుకి నాలుగుసార్లు దాటకూడదు. సీసాతో పాటు వచ్చిన డ్రాపర్‌తోనే పట్టాలి, ఇంట్లో చెంచాతో కాదు. ఆ బిడ్డకి ఎంత అన్నది ఏఎన్ఎం చేతే చీటీ మీద రాయించుకుంటే ఇంకా మేలు, ఆరువారాల పసిగుడ్డయితే రాయించుకోకుండా ఇవ్వొద్దు. సూదికి ముందే జ్వరం రాకుండా అని మందు పట్టడం అవసరం లేదు. పెద్దవాళ్ళ మాత్ర విరిచి, నలిపి, తేనెలో కలిపి నాకించడం అస్సలు వద్దు, ఆస్పిరిన్ ఊసే వద్దు.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో జరిగింది తెలుగువాళ్ళు మర్చిపోకూడదు. అర్బన్ హెల్త్ సెంటర్లో పసిబిడ్డలకి పెంటావాలెంట్ వేసినారు, జ్వరం వస్తే ఇవ్వమని తల్లులకి మాత్రలిచ్చి పంపినారు, ఆ మాత్రలు పారాసెటమాల్ కావు, ట్రమడాల్, పెద్దవాళ్ళకి గట్టి నొప్పులకి ఇచ్చే మందు. ఇద్దరు బిడ్డలు చనిపోయినారు, ఇంకా చాలామందిని నిలోఫర్ పిల్లల ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. మొదటి రోజు టీవీల్లో వచ్చింది "వ్యాక్సిన్ వికటించి" అనే. సూదిలో లోపం లేదు, చేతికిచ్చిన మాత్రలో ఉంది. ఈ తేడా ఎట్లా బయటపడింది అంటే, బిడ్డలు మత్తుగా పడిపోతా ఉంటే తల్లులు వెంటనే ఆసుపత్రికి ఎత్తుకొని పరిగెత్తినారు, ఇచ్చిన మందేదో అక్కడ చూసినారు. ఇంట్లోనే ఉంచి సూది ప్రభావంలే అనుకొని ఉంటే ఇంకెంతమంది పోయేవాళ్ళో. కాబట్టి సెంటర్లో ఇచ్చిన మాత్ర అట్ట పారేయకుండా ఉంచడం, దాని మీద పేరు చదవడం, చదవడం రాకపోతే ఇంకొకరి చేత చదివించడం, ఇది అనుమానం కాదు, జాగ్రత్త.

సూదేసినాక అరగంట అక్కడే కూర్చోమంటారు. చాలామంది ఐదు నిమిషాలకే లేచిపోతారు, ఆటో వెయిటింగ్‌లో ఉంది, పొలంలో కూలీలున్నారు, ఇంకో బిడ్డ బడి నుంచి వచ్చేస్తుంది, ఎవరి అవసరం వాళ్ళది. కానీ ఆ అరగంట ఊరికే పెట్టింది కాదు. అనాఫిలాక్సిస్ అనే తీవ్రమైన అలెర్జీ పది లక్షల డోసుల్లో ఒకటీ అరాకే వస్తుంది, వస్తే నిమిషాల్లో వస్తుంది. ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు కళ్ళు ఉబ్బడం, గొంతు పూడుకుపోయినట్టు గురక, బిడ్డ పాలిపోయి వాలిపోవడం. దానికి మందు అడ్రినలిన్, తొడ కండలోకి వెంటనే వేయాలి, ఆ కిట్ ఏఎన్ఎం దగ్గర ఉంటుంది, మొదటి డోసు వేసే అధికారం కూడా ఆమెకి ఉంది. సెంటర్లో ఉంటే ప్రాణం నిలబడుతుంది, ఆటోలో రోడ్డు మీద ఉంటే ఎవరు వేస్తారు. మన దేశంలో కోవిడ్ టీకా వల్లే జరిగిందని జాతీయ కమిటీ మొదటిసారి ఒప్పుకున్న మరణం ఇదే, 68 ఏళ్ళ ఆయన, 2021 మార్చిలో టీకా వేయించుకున్నాక అనాఫిలాక్సిస్‌తో పోయినారు, ఆ సంగతి జూన్‌లో బయటికొచ్చింది.

స్కూళ్ళల్లో పదేళ్ళకి, పదహారేళ్ళకి ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా టీడీ సూదులేసేటప్పుడు ఇంకో రకం జరుగుతుంది. పొద్దున తినకుండా వచ్చిన ఒకమ్మాయి క్యూలో నిలబడి కళ్ళు తిరిగి పడిపోతుంది, అది చూసి ఇంకో నలుగురు, కాసేపటికి ఊరంతా స్కూలు ముందర. అది భయం, ఆందోళన వల్ల ఒంట్లో నిజంగా జరిగే మార్పే, పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తులో పెడితే నిమిషాల్లో తేరుకుంటారు. ఆ పిల్లల్ని "నటిస్తున్నావా" అని కసురుకోవడం మహా తప్పు, డబ్ల్యూహెచ్ఓ కూడా దీన్ని టీకా తర్వాత వచ్చే ఘటనల్లో ఒక రకంగానే లెక్కేస్తుంది, రిజిస్టర్లో రాయాల్సిందే.

ఇంట్లో ఉండకుండా వెంటనే కదలాల్సినవి ఇవీ అని మనసులో పెట్టుకోవాలి. మూడు గంటలకి మించి ఆపకుండా గుక్కపట్టి ఏడవడం, ఫిట్స్ రావడం, బిడ్డ గుడ్డపీలిక లాగా మెత్తబడి పిలిస్తే పలక్కపోవడం, పాలు అసలు పట్టకపోవడం, శ్వాస అందకపోవడం. రోటావైరస్ చుక్కలు వేసిన తర్వాత వారం రెండు వారాల్లో బిడ్డ ఉండుండి కాళ్ళు పొట్టకి ముడుచుకొని ఏడవడం, వాంతులు, విరేచనంలో రక్తం జిగురు కలిసి రావడం కనిపిస్తే పేగు మెలికేమో, అంటే పేగులో ఒక భాగం ఇంకో భాగంలోకి దూరుకుపోయిందేమో అని చూపించాలి. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో చెంచా పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టొద్దు, నీళ్ళు పోయొద్దు, ఐదు నిమిషాలకి ఆగకపోతే 108. తిరుపతిలో రుయా ఆసుపత్రికో స్విమ్స్‌కో, చిత్తూరు పెద్దాసుపత్రికో పోయేటప్పుడు తల్లీబిడ్డల కార్డు వెంట ఉండాలి, "ఈ రోజు, ఇన్ని గంటలకి, ఈ సూది వేసినారు" అని డ్యూటీ డాక్టర్‌కి మొదటి మాటే అది చెప్పాలి. హడావుడిలో ఈ మాట చెప్పకపోతే కేసు షీట్‌లో "జ్వరం, ఫిట్స్" అని మాత్రమే పడుతుంది, సూదికి దానికి సంబంధం ఉందా లేదా అని చూసే దారే మూసుకుపోతుంది.

ఇప్పుడు చెప్పడం అనే పనికి వద్దాం. జనానికి ఉన్న పెద్ద అపోహ ఏందంటే, చెప్పాలంటే సూది వల్లే జరిగిందని మనం నిరూపించాలి అని. అక్కర్లేదు. టీకా తర్వాత ఏ ఆరోగ్య సమస్య వచ్చినా, అది టీకా వల్ల అయినా కాకపోయినా, ఏఈఎఫ్ఐ అనే వ్యవస్థ కింద రాసుకోవాలనే నియమం ఉంది. కారణం తేల్చే పని కమిటీలది. ఇంటివాళ్ళ పని ఏం జరిగిందో, ఎప్పుడు మొదలైందో చెప్పడం వరకే.

దారులు రెండు. మొదటిది సర్కారు టీకాల దారి, ఏఎన్ఎంకో ఆశాకో చెప్తే ఆమె పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌కి చెప్తుంది, మామూలు జ్వరం, వాపు అయితే రిజిస్టర్లో పడి నెల రిపోర్టులో లెక్కకెక్కుతుంది, ఆసుపత్రిలో చేరడం, మరణం, వైకల్యం, ఒకే చోట చాలామందికి రావడం, లేదా ఊరంతా ఆందోళన పడేలాంటిది ఏదైనా అయితే 24 గంటల్లోపు జిల్లా ఇమ్యునైజేషన్ ఆఫీసర్‌కి ఫారం పోవాలి, 48 గంటల్లోపు రాష్ట్రానికీ ఢిల్లీకీ పోవాలి. ఏఎన్ఎం దొరక్కపోతే 104కి ఫోన్ చేసి అడగొచ్చు. రెండో దారి మందుల దుష్ప్రభావాల మీద 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రాం, దాని కేంద్రం ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్, టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-3024, పనిరోజుల్లో ఆఫీసు వేళల్లో ఎత్తుతారు. దీనికి ఎవరైనా చెప్పొచ్చు, పేషెంటే స్వయంగా చెప్పొచ్చు, మామూలు జనం నింపే ఫారం తెలుగులోనే ఉంది. మెడికల్ షాపులవాళ్ళు కూడా రిపోర్ట్ చేయొచ్చు, జనం ముందు పోయేది వాళ్ళ దగ్గరికే కాబట్టి ఇది వాళ్ళు అలవాటు చేసుకుంటే ఎంత మేలో. పేరు మొత్తం అవసరం లేదు, పేరులో మొదటి అక్షరాలు, వయసు, ఏ టీకా ఎన్నో డోసు, ఎప్పుడు ఎక్కడ వేసినారు, లక్షణం ఏ రోజు ఏ గంటకి మొదలైంది, ఏ మందులు వాడినారు, ఇప్పుడెట్లా ఉంది, చెప్పేవాళ్ళ ఫోన్ నంబర్, ఇంతే. సూదేసేటప్పుడు ఆ చిన్న సీసా మీద బ్యాచ్ నంబర్ ఫోటో తీసుకుంటే ఇంకా మంచిది, అడిగితే ఏ నర్సమ్మా కాదనదు.

సీసా చూసేటప్పుడు ఇంకో రెండు కూడా గమనించొచ్చు. లేబుల్ మీదో మూత మీదో గుండ్రటి గుర్తులో చిన్న చదరం ఉంటుంది, ఆ చదరం చుట్టూ ఉన్న రంగుకంటే లేతగా ఉంటే మందు బాగున్నట్టు, సమానమైనా ముదిరినా వేడికి చెడినట్టు. బీసీజీ, మీజిల్స్ సూదులు పొడి మందులో దానికోసమే ఇచ్చిన ద్రవం కలిపి తయారుచేస్తారు, కలిపిన నాలుగు గంటల్లో వాడాలి, మిగిలింది పారేయాలి, అందుకే కలిపిన టైము సీసా మీద రాస్తారు. నాలుగు గంటలు దాటిన మీజిల్స్ మందులో క్రిములు పెరిగి బిడ్డలు గంటల్లో ప్రాణం మీదికి తెచ్చుకున్న ఘటనలు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. మన సరిహద్దు దాటితే ఉండే తిరువళ్ళూరు జిల్లాలో 2008 ఏప్రిల్‌లో మీజిల్స్ టీకా తర్వాత నలుగురు పసిబిడ్డలు చనిపోయినారు, అప్పట్లో నగరి, సత్యవేడు వైపు కూడా తల్లులు ఎంత భయపడి ఉంటారో ఊహించుకోవచ్చు, సరిహద్దు గీత భయాన్ని ఆపదు కదా.

ఒక్క ఇంటి నుంచి వచ్చిన మాట ఏం చేయగలదు అనే ప్రశ్నకి జవాబు రోటావైరస్ టీకా చరిత్రలో ఉంది. అమెరికాలో రోటాషీల్డ్ అనే టీకాకి 1998 ఆగస్టులో అనుమతి వచ్చింది. 1999 జూలై నాటికి అక్కడి రిపోర్టింగ్ వ్యవస్థకి పేగు మెలిక కేసులు 15 చేరినాయి. పదిహేనే. ఎవరో డాక్టర్లు, నర్సులు, తల్లిదండ్రులు విడివిడిగా రాసి పంపినవి. వెంటనే ఆ టీకా ఆపినారు, పరిశోధన చేస్తే సుమారు పదివేల మందిలో ఒకరికి ఆ ముప్పు ఉందని తేలింది, అక్టోబర్‌కల్లా కంపెనీ దాన్ని మార్కెట్ నుంచి తీసేసింది. ఆ తర్వాత వచ్చిన రోటా టీకాలన్నింటినీ ఈ ఒక్క విషయం మీద కళ్ళు పెట్టి చూసినారు. 2016లో మన దేశంలో రోటావ్యాక్ అనే రోటా టీకాని మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఇక్కడ కూడా ఆసుపత్రుల్లో పేగు మెలిక కేసుల్ని ఏళ్ళ తరబడి లెక్కగట్టినారు, ముప్పు పెరగలేదని 2020లో తేల్చినారు. ఈ నమ్మకం ఎవరో టీవీలో ధైర్యం చెప్పడం వల్ల రాలేదు, బిడ్డ పొట్ట పట్టుకొని ఏడ్చిన ప్రతి రాత్రినీ ఎవరో ఒకరు రాసిపెట్టడం వల్ల వచ్చింది.

కోవిడ్ టీకా దగ్గర మనకి ఇది తలకిందులుగా జరిగింది. 2021 మే 17న కేంద్ర ఆరోగ్యశాఖ ఒక ప్రకటన చేసింది, 498 తీవ్రమైన కేసుల్ని పరిశీలిస్తే కోవిషీల్డ్ తర్వాత రక్తం గడ్డకట్టినట్టు అనుమానించదగ్గవి 26 ఉన్నాయి, పది లక్షల డోసులకి 0.61, టీకా తర్వాత ఇరవై రోజుల్లోపు ఊపిరాడకపోవడం, ఛాతీ నొప్పి, కాలు వాపు, ఆగని తలనొప్పి, సూదేసిన చోట కాకుండా వేరే చోట ఎర్రటి చుక్కలు కనిపిస్తే వెంటనే చెప్పమని. చాలా స్పష్టంగా ఉన్న మాట, కానీ ఊళ్ళోకి రాలేదు. మూడేళ్ళ తర్వాత 2024లో, కోవిషీల్డ్ పేరుతో మన దగ్గర వేసిన టీకాని రూపొందించిన ఆస్ట్రాజెనెకా కంపెనీ లండన్ కోర్టులో చాలా అరుదుగా ఇట్లా జరగొచ్చని ఒప్పుకుందని వార్త రాగానే, అదేదో కొత్తగా దాచిపెట్టిన రహస్యం బయటపడినట్టు ప్రతి ఫోన్‌లోనూ మోగింది, జిమ్ముల్లో పడిపోయిన కుర్రాళ్ళ వీడియోలన్నీ దీనికే అంటగట్టినారు. ఆ గడ్డకట్టే సమస్య డోసు తర్వాత కొన్ని వారాల్లో వచ్చేది, మూడేళ్ళకి వచ్చేది కాదు. 2021లోనే ప్రతి పీహెచ్‌సీ గోడ మీద తెలుగులో ఈ ఇరవై రోజుల సంగతి రాసి ఉంటే 2024లో ఇంత భయం ఉండేది కాదు. ముందు చెప్పని నిజం తర్వాత ఎంత చిన్నదైనా పెద్ద అబద్ధం లాగే కనపడుతుంది.

సుప్రీంకోర్టు 2022 మే 2న ఇచ్చిన తీర్పులో ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదన్న మాట అందరికీ గుర్తుంది. అదే తీర్పులో, దుష్ప్రభావాల్ని మామూలు వ్యక్తులూ ప్రైవేట్ డాక్టర్లూ నేరుగా చెప్పుకొనే ఏర్పాటు ఉండాలి, వాళ్ళ వివరాలు బయటపడకుండా ఆ లెక్కలు జనానికి కనపడాలి అని కేంద్రానికి చెప్పిన భాగం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అసలు పనికొచ్చే భాగం అదే.

ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 2009లో అక్కడ గిరిజన హాస్టళ్ళలో ఉన్న ఆడపిల్లలతో సహా వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేసినారు. కొందరు అమ్మాయిలు చనిపోయినారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేసినారు. ఆ మరణాలకి టీకా కారణం కాదనే విచారణలో తేలింది. కానీ 2013లో పార్లమెంటు కమిటీ పట్టుకున్నది వేరే, చాలా అనుమతి పత్రాల మీద తల్లిదండ్రుల సంతకం బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి, దుష్ప్రభావాల్ని కనిపెట్టి రాసే ఏర్పాటే సరిగా లేదు. రాసుకోలేదు కాబట్టి తర్వాత ఎంత నిజం చెప్పినా నమ్మేవాళ్ళు లేరు, మంచి టీకా ఒకటి మన పల్లెల్లో ఏళ్ళ తరబడి అనుమానంగానే మిగిలిపోయింది.

సిబ్బంది వైపు నుంచి కూడా చూడాలి. ఒక సబ్‌సెంటర్ నుంచి ఏఈఎఫ్ఐ రిపోర్టు పోతే పైనుంచి ఫోన్లు, విచారణ, పేపర్లో పేరు, మెమో వస్తుందేమో అనే భయం, ఆ భయంతో "మా దగ్గర ఏమీ లేవు సార్" అని సున్నా పంపేస్తే అందరికీ సుఖం. కానీ ఏడాదికి వేల డోసులు వేసే చోట ఒక్క చీము గడ్డ, ఒక్క జ్వరం ఫిట్స్ కూడా లేకపోవడం కుదరని పని. సున్నా పంపిన పీహెచ్‌సీని మెచ్చుకోకూడదు, అక్కడ ఎవరూ చూడట్లేదని అర్థం చేసుకోవాలి, ఎక్కువ రాసి పంపిన ఏఎన్ఎం బాగా పనిచేస్తున్నట్టు. ఇంటివాళ్ళు కూడా చెప్పేటప్పుడు "మీరేదో చేసినారు" అని కాకుండా "అమ్మా, బిడ్డకి రాత్రి ఇట్లా అయింది, రాసుకోండి" అంటే ఆమెకీ రాయడానికి చెయ్యాడుతుంది.

మన ప్రాంతానికి మాత్రమే ఉన్న చిక్కొకటుంది. మొదటి కాన్పు పుట్టింట్లో, బీసీజీ, పెంటా మొదటి డోసు అక్కడే పడతాయి, మూడోనెల్లో అత్తగారింటికి వచ్చేస్తారు. చిత్తూరు, గుడిపాల వాళ్ళు ఏదైనా గట్టి జబ్బయితే వెల్లూరు సీఎంసీకి, కుప్పం వాళ్ళు బెంగళూరుకి, సత్యవేడు వాళ్ళు చెన్నైకి పరిగెత్తుతారు. సూదేసింది ఒక జిల్లా, చికిత్స ఇంకో రాష్ట్రం, రిజిస్టర్ ఇంకెక్కడో. ఆసుపత్రి వాళ్ళు వాళ్ళ దారిలో చెప్పినా చెప్పకపోయినా, సూదేసిన ఊరి ఏఎన్ఎంకి ఒక ఫోన్ చేయడం ఇంటివాళ్ళే చేయాల్సిన పని, అదే బ్యాచ్ మందు ఇంకా ఎంతమంది బిడ్డలకి పడిందో ఆమె రిజిస్టర్లోనే ఉంటుంది.

పెద్దవాళ్ళ సంగతి ఒక్కటే చెప్పి పోదాం, కుక్క కరిచినాక వేసుకునే సూదులు. మొదటి రెండింటికి చెయ్యి నొప్పి, ఒళ్ళు వేడి చేసిందని మూడోదానికి పోనివాళ్ళు చాలామంది. రేబీస్ లక్షణాలు మొదలైతే మనిషి బతకడం దాదాపు లేదు. ఇబ్బంది ఉంటే డాక్టర్‌కి చెప్పాలి, రాయించాలి, కానీ కోర్సు ఆపకూడదు.

తీవ్రమైన కేసు అయితే ఆ తర్వాత జరిగేదేందంటే, జిల్లా ఇమ్యునైజేషన్ ఆఫీసర్, పిల్లల డాక్టర్ ఇంకొందరు కలిసి ఇంటికొస్తారు, సెంటర్‌కి పోతారు, ఫ్రిజ్ టెంపరేచర్ రికార్డు చూస్తారు, అదే రోజు సూదేయించుకున్న మిగతా బిడ్డలెట్లా ఉన్నారో కనుక్కుంటారు, అవసరమైతే మిగిలిన సీసాలు కసౌలీలోని సెంట్రల్ డ్రగ్స్ లేబొరేటరీకి పంపుతారు. చివరికి ఐదు రకాల్లో ఏదో తేలుస్తారు, టీకా గుణం వల్లా, తయారీ లోపం వల్లా, వేయడంలో పొరపాటు వల్లా, ఆందోళన వల్లా, లేక కాకతాళీయమా, ఆధారాలు చాలకపోతే తేలనిదిగా ఉంచుతారు. పుట్టిన మొదటి మూడున్నర నెలల్లో బిడ్డకి నాలుగుసార్లు టీకాలు పడతాయి కాబట్టి ఆ వయసులో ఏ జబ్బొచ్చినా ఏదో ఒక సూది తర్వాతే వచ్చినట్టు ఉంటుంది, అందుకే కాకతాళీయం అన్న జవాబు ఎక్కువసార్లు వస్తుంది, అది తప్పించుకునే మాట అని ప్రతిసారీ అనుకోనక్కర్లేదు. బిడ్డ చనిపోయినప్పుడు పోస్ట్‌మార్టం అడుగుతారు, పసిబిడ్డని కోయనిస్తామా అని ఇంటివాళ్ళు వద్దంటారు, ఆ దుఃఖంలో అది సహజం, బలవంతం చేసే హక్కు ఎవరికీ లేదు, కానీ ఎందుకు అడుగుతున్నారో నెమ్మదిగా కూర్చొని చెప్పే మనిషి ఒకరు ఆ టైంలో అక్కడ ఉండాలి. ఈ ఫారం నింపితే నష్టపరిహారం వస్తుందని కూడా అనుకోకూడదు, అది వేరే సంగతి.

వ్యవస్థ తరఫున అన్నింటికంటే పెద్ద లోటు ఈ చివర్లోనే ఉంది. కమిటీ తేల్చిన ఫలితాలు కేంద్ర ఆరోగ్యశాఖ వెబ్‌సైట్లో పేర్లు లేకుండా ఇంగ్లీషులో పడతాయి. పాకాల దగ్గర పల్లెలో ఉన్న తల్లి అది తన బిడ్డ కేసే అని ఎట్లా గుర్తుపడుతుంది. చెప్పమని అడిగి, రక్తం తీసి, ఫోటోలు తీసి, నెలలు గడిచినాక ఏం తేలిందో ఆ ఇంటికి చెప్పకపోతే రెండోసారి ఆ వీధిలో ఎవరు నోరు తెరుస్తారు. అదే పీహెచ్‌సీ డాక్టర్ ఆ ఇంటికి పోయి, తెలుగులో, ఒక కాగితం మీద రాసిచ్చి, తేలనిదైతే తేలలేదనే రాసిచ్చి రావడం జిల్లాలో ఇప్పటికిప్పుడు మొదలుపెట్టొచ్చు, దానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు.